పునరావాస చికిత్సపై క్లినికల్ ట్రయల్: ప్రశ్న మొదలు ఫలితం దాకా ఏ పని ఎప్పుడు, ఎలా

"మా విభాగంలో ఈ వ్యాయామం మొదలుపెట్టాక పేషెంట్లు బాగా కోలుకుంటున్నారు. దీన్ని పరిశోధనగా ఎలా చూపించాలి?" ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, రీహాబ్ డాక్టర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. అడిగేసరికే చాలామంది దగ్గర డేటా పోగై ఉంటుంది: చికిత్సకు ముందు ఒక కొలత, ఆరు వారాల తర్వాత ఇంకో కొలత. ఆ డేటాతో చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఈ మార్గదర్శి మొదటి పేషెంటును చేర్చుకోక ముందు చేయాల్సిన పనుల దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. పక్షవాతం వచ్చి నెల రోజులు దాటినవారికి, మామూలు ఫిజియోథెరపీతో పాటు కుర్చీలోంచి లేచి కూర్చునే సాధన ఎక్కువసార్లు చేయిస్తే నడక వేగం పెరుగుతుందా? మీ ప్రశ్న మోకాలి మార్పిడి గురించి కావచ్చు, ఊపిరితిత్తుల జబ్బు గురించి కావచ్చు. పనుల వరస మాత్రం ఇదే.

## 1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తెండి

ఆ వాక్యంలో అయిదు సంగతులు ఉండాలి: ఎవరికి, ఏ చికిత్స, దేనితో పోలుస్తున్నాం, ఏ కొలతతో, ఎన్నాళ్లకు. ఒక్కటి తగ్గినా పని మొదలుపెట్టకండి.

మన ఉదాహరణ ఇలా వస్తుంది: పక్షవాతం వచ్చి 30 నుంచి 90 రోజులైన, మనిషి సాయంతోనైనా 14 మీటర్లు నడవగలిగే పెద్దలలో, నాలుగు వారాల పాటు వారానికి అయిదు రోజులు లేచి కూర్చునే అదనపు సాధన చేసినవారి నడక వేగం, అంతే సమయం కూర్చుని చేసే చేతి వ్యాయామం చేసినవారి కంటే నాలుగు వారాల చివర ఎక్కువగా ఉంటుందా?

ప్రధాన కొలత ఒక్కటే ఉండాలి. మిగతావి ఎన్ని తీసుకున్నా ద్వితీయ స్థానంలోనే. పది కొలతలు తీసుకుని చివర్లో బాగా వచ్చినదాన్ని ముందుకు తెస్తే, అది యాదృచ్ఛికంగా వచ్చిన ఫలితం కావచ్చు.

ఏ కొలతను ప్రధానం చేయాలో తేల్చే ముందు అయిదారుగురు పేషెంట్లతో కూర్చుని మాట్లాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ఐసీఎఫ్ వర్గీకరణ ఆరోగ్య స్థితిని మూడు కోణాల్లో చూడమంటుంది: శరీరం పనితీరు, రోజువారీ పనులు చేసుకోగలగడం, జీవితంలో పాలుపంచుకోవడం. మనం తొడ కండరాల బలం కొలుస్తూ ఉంటాం. పేషెంటుకు కావలసింది రాత్రిపూట ఎవరినీ లేపకుండా బాత్రూమ్‌కి వెళ్లి రావడం.

తర్వాత పాత అధ్యయనాలు వెతకండి. ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సమీక్షలు, ఫిజియోథెరపీ అధ్యయనాల కోసమే ఉన్న పెడ్రో డేటాబేస్, ఈ రెండింటితో మొదలుపెట్టండి. మీ ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉంటే, పేషెంట్ల సమయం తీసుకోవడం న్యాయం కాదు.

## 2. పోలికకు ఇంకో గ్రూపు పెట్టండి

ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లో కోలుకోవడం సహజంగానే వేగంగా జరుగుతుంది. ఆ రోజుల్లో ఏ వ్యాయామం చేయించినా, అసలేమీ చేయించకపోయినా, చాలామంది ముందుకంటే మెరుగవుతారు. ముందు కొలత, తర్వాత కొలత మాత్రమే ఉంటే ఆ మెరుగుదలలో మీ చికిత్స వాటా ఎంతో విడదీయలేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పేషెంట్లు బాగా ఇబ్బంది పడుతున్నప్పుడే మన దగ్గరికి వస్తారు. నడుము నొప్పి తారస్థాయిలో ఉన్న రోజున కొలిచి, నెల తర్వాత మళ్లీ కొలిస్తే అంకె తగ్గే ఉంటుంది. నొప్పికి సహజంగా ఉండే హెచ్చుతగ్గులే అందులో చాలా భాగం.

మంచిదని అందరూ నమ్మిన పద్ధతి కూడా పరీక్షలో ఎదురు తిరగవచ్చు. 2015లో ప్రచురితమైన అవర్ట్ ట్రయల్‌లో 2,104 మంది పక్షవాత పేషెంట్లు పాల్గొన్నారు. 24 గంటల్లోపే మంచం దింపి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలించినవారిలో మూడు నెలల తర్వాత మంచి స్థితిలో ఉన్నవారు 46 శాతం. మామూలు సంరక్షణ పొందినవారిలో 50 శాతం. కంట్రోల్ గ్రూపు, అంటే పోలిక కోసం పెట్టిన ఆ రెండో గ్రూపు, లేకపోతే ఆ 46 శాతాన్నే విజయంగా రాసుకునేవాళ్లం.

కంట్రోల్ గ్రూపుకు ఏమివ్వాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. మామూలు చికిత్స మాత్రమే ఇస్తే, "అదనంగా ఏదైనా చేస్తే మేలా?" అన్నదానికే జవాబు వస్తుంది. అంతే సమయం వేరే వ్యాయామం ఇస్తే, "ఈ వ్యాయామంలోనే ప్రత్యేకత ఉందా?" అన్నది తేలుతుంది. మొదటి రకం అధ్యయనం చేసి రెండో ప్రశ్నకు జవాబు చెప్పినట్టు రాయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. థెరపిస్టు పక్కన కూర్చుని రోజూ అరగంట మాట్లాడటం కూడా పేషెంటు మీద పనిచేస్తుందని మరవకండి.

ఏ గ్రూపుకైనా, వారికి దక్కాల్సిన మామూలు చికిత్సను ఆపడం మాత్రం తగదు.

## 3. ఎంతమంది కావాలో ముందే లెక్క కట్టండి

"ముప్పై మంది చాలు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దానికి ఆధారం లేదు. లెక్కకు రెండు అంకెలు కావాలి: పేషెంటుకు నిజంగా తేడా తెలిసే కనీస మార్పు, కొలతలో ఒక మనిషికీ ఇంకో మనిషికీ ఉండే వ్యత్యాసం, అంటే ప్రామాణిక విచలనం.

పక్షవాతం వచ్చిన మొదటి రెండు నెలల్లో, నడక వేగంలో అర్థవంతమైన పెరుగుదల సెకనుకు 0.16 మీటర్లని 2010 నాటి ఒక అధ్యయనం అంచనా కట్టింది. ప్రామాణిక విచలనం 0.30 అనుకుందాం. 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం పొరపాటు అవకాశంతో (లేని తేడా ఉందనుకోవడం) రెండు గ్రూపుల పోలికకు కాగితం మీద వేసుకునే సూత్రం ఇది:

- విచలనాన్ని కావలసిన తేడాతో భాగించండి: 0.30 ÷ 0.16 = 1.875
- దాన్ని వర్గం చేసి 16తో గుణించండి: 3.516 × 16 = 56.25, అంటే గ్రూపుకు 57 మంది
- 15 శాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే: 57 ÷ 0.85, అంటే గ్రూపుకు 68 మంది

మొత్తం 136. చిన్న విభాగానికి ఇది గుండె జారే అంకె. అయితే ఊరటనిచ్చే దారి ఒకటుంది. మొదటి రోజు వేగాన్ని విశ్లేషణలో కలిపి లెక్కిస్తే, మొదటి కొలతకూ చివరి కొలతకూ మధ్య సహసంబంధం (ఒకటి మారితే రెండోది ఎంత దగ్గరగా మారుతుందో చెప్పే అంకె, ఎక్కువలో ఎక్కువ 1) 0.7 ఉన్నప్పుడు, కావలసిన సంఖ్య దాదాపు సగమవుతుంది. 57 కాస్తా గ్రూపుకు 30 దగ్గరికి దిగుతుంది. మానేసేవారిని కలుపుకున్నా 36 మంది చాలు. ఈ ఒక్క విషయం కోసమైనా గణాంక నిపుణుణ్ణి మొదట్లోనే కలవండి. డేటా అంతా చేతికి వచ్చాక కలిస్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

తర్వాత మీ విభాగం రిజిస్టరు తీసి, గత ఆరు నెలల్లో మీ అర్హతలకు సరిపోయినవారిని ఒక్కొక్కరిగా లెక్కపెట్టండి. నోటి అంచనా పనికిరాదు. అందులో సగం మందే చేరతారనుకుని కాలవ్యవధి వేసుకోండి.

అంతమంది దొరకరని తేలితే రెండు దారులున్నాయి. ఇంకో కేంద్రాన్ని కలుపుకోవడం ఒకటి. ఒకే మనిషిని చికిత్స లేని దశలోనూ ఉన్న దశలోనూ పదే పదే కొలిచే ఏక వ్యక్తి అధ్యయనం ఇంకొకటి. దానికి దశకు కనీసం అయిదు కొలతలు కావాలి. చికిత్స ప్రభావం కనీసం మూడుసార్లు, వేర్వేరు సమయాల్లో కనిపించాలి. సరిపోని సంఖ్యతో పెద్ద ట్రయల్ చేసినట్టు నటించడం కంటే ఇది నిజాయితీగల పని.

## 4. చికిత్సను కాగితం మీద పెట్టండి

మాత్ర మీద పరిశోధనైతే 500 మిల్లీగ్రాములని రాస్తే సరిపోతుంది. మన మందు మన చేతుల్లో, మాటల్లో, కుర్చీ ఎత్తులో ఉంటుంది. మీరు రాసింది చదివి, మిమ్మల్ని ఎన్నడూ చూడని థెరపిస్టు అదే చికిత్స చేయగలగాలి. చికిత్సా వివరాలకు 12 అంశాల టైడర్ జాబితా, వ్యాయామాలకు 16 అంశాల సెర్ట్ జాబితా ఉన్నాయి. రెండూ దగ్గర పెట్టుకుని రాయండి.

"లేచి కూర్చునే సాధన, రోజుకు 30 నిమిషాలు" అని రాస్తే అందులో ఏమీ లేనట్టే. ఇలా రాయాలి:

- కుర్చీ: వీపు ఆనుకునే వీలుంటుంది, చేతులు ఆన్చే పిడులు ఉండవు. పేషెంటు మోకాలి నుంచి నేల వరకు ఉన్న ఎత్తుకు సమానంగా మొదలు.
- పాదాలు: మోకాళ్ల కంటే కాస్త వెనక్కి. బలహీనమైన పాదం రెండోదాని కంటే ముందుకు జారకూడదు. జారితే బరువంతా బాగున్న కాలి మీదే పడుతుంది, సాధన దానికే అందుతుంది.
- చేతులు: ఛాతీ మీద కట్టుకుని. వీలుకాకపోతే ఒళ్లో.
- మోతాదు: పదేసి చొప్పున, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. మొదటి రోజు లక్ష్యం 30 సార్లు.
- పెంచే నియమం: వరసగా రెండు రోజులు సాయం లేకుండా లక్ష్యం పూర్తయితే 10 సార్లు పెంచాలి, లేదా కుర్చీ ఎత్తు 2 సెంటీమీటర్లు తగ్గించాలి.
- ఆపే నియమం: ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, లేచినప్పుడు పై రక్తపోటు 20 లేదా కింది రక్తపోటు 10 పాయింట్లు పడిపోవడం.

ఈ అంకెలు ఉదాహరణకే. మీవి ఇద్దరు ముగ్గురు పేషెంట్ల మీద ప్రయత్నించి ఖాయం చేసుకోండి. ఎన్ని నిమిషాలు గడిచాయని కాకుండా, ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టి రాయండి. అరగంటలో ఒకరు ఎనభైసార్లు లేవగలరు, ఇంకొకరు పన్నెండుసార్లే.

కంట్రోల్ గ్రూపు చికిత్సను కూడా ఇంతే వివరంగా రాయాలి. చాలామంది ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెడతారు.

## 5. కొలిచే పద్ధతిని బిగించండి

నా మొదటి అధ్యయనం ఇక్కడే దెబ్బతింది. మొదటి రోజు కొందరు వట్టి కాళ్లతో నడిచారు, నెల తర్వాత వాళ్లే బూట్లతో వచ్చారు. ఇద్దరు వాకర్ వదిలి చేతికర్రకు మారారు. వేగం పెరిగింది, కానీ దేనివల్ల పెరిగిందో చెప్పలేకపోయాను. వాళ్లు ఇచ్చిన సమయం వృథా అయిందన్న బాధ ఇప్పటికీ ఉంది.

పది మీటర్ల నడక పరీక్షకు 14 మీటర్ల దారి కావాలి. మొదటి 2 మీటర్లు వేగం అందుకోవడానికి, చివరి 2 మీటర్లు నిదానించడానికి. మధ్యలోని 10 మీటర్లకే సమయం లెక్క. నేల మీద నాలుగు చోట్ల టేపు అతికించండి. ముందు పాదం రెండో టేపు దాటగానే స్టాప్‌వాచ్ నొక్కాలి, మూడో టేపు దాటగానే ఆపాలి. మడమ దాటినప్పుడా, వేళ్లు దాటినప్పుడా అన్నది ముందే తేల్చుకుని అందరూ అదే పాటించాలి. మీరు పేషెంటుకు పక్కన, అర అడుగు వెనకగా నడవండి. ముందు నడిస్తే మీ వేగాన్ని ఆయన అందుకోబోతారు. చెప్పే మాట కూడా రాసి పెట్టుకోండి: "మీకు రోజూ అలవాటైన వేగంతో నడవండి." "త్వరగా" అన్న మాట నోట రాకూడదు. మూడుసార్లు నడిపించి సగటు తీయండి.

ఆరు నిమిషాల నడక పరీక్షకూ ఇదే జాగ్రత్త కావాలి. 30 మీటర్ల వరండా, నిమిషానికోసారి రాసిపెట్టుకున్న మాటే. హుషారు చేస్తే దూరం పెరుగుతుంది. రెండోసారి నడిచినప్పుడు అలవాటు వల్లనే కొంత పెరుగుతుంది, అందుకే మొదటి రోజు రెండుసార్లు చేయించి మంచిదాన్ని తీసుకుంటారు.

స్కేలు ఎంచుకునేటప్పుడు అంచులు చూసుకోండి. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో కొలిచే బార్తెల్ ఇండెక్స్ 0 నుంచి 100 వరకు ఉంటుంది. మీ పేషెంట్లలో చాలామందికి మొదటి రోజే 90 దాటితే, అది ఇక పెరగడానికి చోటు లేదు. నిలకడను కొలిచే బెర్గ్ బ్యాలెన్స్ స్కేలుకు దాని గరిష్ఠ స్కోరు 56 దగ్గర ఇదే ఇబ్బంది.

కొలిచేవారికి చెక్‌లిస్టు:

- అదే బూట్లు, అదే చేతికర్ర లేదా స్ప్లింటు
- రోజులో అదే సమయం, చికిత్సకు ముందు
- అదే వరండా, అదే స్టాప్‌వాచ్
- ఎవరి సాయం ఎంత అవసరమైందో రాయడం
- ఇద్దరు కొలిచేవారుంటే, అధ్యయనానికి ముందే పదిమందిని ఇద్దరూ విడివిడిగా కొలిచి పోల్చుకోవడం

## 6. అనుమతి, నమోదు, సమ్మతి

పరిశోధనలో పేషెంట్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా ఒక్క పేషెంటునూ చేర్చుకోకూడదు. ప్రోటోకాల్‌ను, అంటే అధ్యయనం ఎలా చేస్తామో చెప్పే పూర్తి ప్రణాళికను, 2025లో సవరించిన స్పిరిట్ జాబితాలోని 34 అంశాల ప్రకారం రాస్తే కమిటీ అడిగే ప్రశ్నల్లో చాలావాటికి అందులోనే జవాబుంటుంది.

మొదటి పేషెంటు చేరక ముందే ట్రయల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన రిజిస్ట్రీలో నమోదు చేయండి. తర్వాత చేసే నమోదును చాలా వైద్య పత్రికలు ఒప్పుకోవు.

సమ్మతి తీసుకోవడంలో తొందర వద్దు. ఈ విషయంలో మన పేషెంట్లకు ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. మాట పడిపోయినవారు అర్థం చేసుకోగలిగినా, చెప్పలేకపోవచ్చు. పెద్ద అక్షరాలు, బొమ్మలు, అవును కాదు కార్డులు వాడండి. చెప్పాక, "ఇప్పుడు మీకు అర్థమైంది నాకు చెప్పండి" అని అడగండి. రోజూ చికిత్స చేసే థెరపిస్టే సమ్మతి అడిగితే పేషెంటు మొహమాటానికి ఒప్పుకుంటారు. వేరే మనిషి అడగాలి. కాదన్నా చికిత్స ఏమాత్రం తగ్గదని స్పష్టంగా చెప్పాలి.

## 7. గ్రూపులుగా విడదీయడం

ఎవరు ఏ గ్రూపులో పడతారన్నది పూర్తిగా యాదృచ్ఛికంగా తేలడమే ర్యాండమైజేషన్. ఒకరు ఇటు, తర్వాతివారు అటుగానీ, సోమవారం వచ్చినవారు ఇటు, మంగళవారం వచ్చినవారు అటుగానీ ర్యాండమైజేషన్ కాదు. తర్వాత వచ్చేవారు ఏ గ్రూపులో పడతారో ముందే తెలిస్తే, చేర్చుకునేవారి చేయి తెలియకుండానే మొగ్గు చూపుతుంది.

కంప్యూటరుతో వరస తయారు చేయించండి. నాలుగు, ఆరు మంది చొప్పున కలగలిపిన బ్లాకులు (ఒక్కో బ్లాకులో రెండు గ్రూపులకూ సమానంగా చోట్లు) వాడితే గ్రూపులు సమానంగా ఉంటాయి, తర్వాతిది ఊహించడమూ కష్టం. ఆ వరస పేషెంట్లతో సంబంధం లేని మనిషి దగ్గర ఉండాలి. గ్రూపు పేరు రాసిన చీటీని కవర్లలో పెడితే, ఆ కవర్లు వెలుతురుకు పట్టినా లోపలిది కనిపించనివి, అంకెలు వేసినవి, అతికించినవి. మొదటి కొలతలన్నీ పూర్తయ్యాకే కవరు తెరవాలి.

ఏ వ్యాయామం చేస్తున్నారో పేషెంటుకూ థెరపిస్టుకూ దాచలేం. కొలిచే మనిషికి మాత్రం దాచగలం, దాచాలి. కొలతకు ముందు పేషెంటుకు ఓ మాట చెప్పండి: "ఏ వ్యాయామం చేస్తున్నారో ఈవిడకు చెప్పకండి." చివర్లో కొలిచినవారిని, "ఎవరు ఏ గ్రూపో ఊహించండి" అని అడిగి ఆ జవాబులూ రాసుకోండి.

## 8. అధ్యయనం రోజువారీ నిర్వహణ

ఇక్కడ కావలసింది క్రమం తప్పని రాత. నాలుగు పుస్తకాలు పెట్టుకోండి:

- అర్హత చూసిన ప్రతి ఒక్కరి పుస్తకం: చేరారా, లేదా, ఎందుకు చేరలేదు
- ప్రతి సెషన్ పుస్తకం: ఎన్నిసార్లు లేచారు, కుర్చీ ఎత్తు, ఆపారా, ఎందుకు
- ప్రతికూల సంఘటనల పుస్తకం: పడిపోవడం, నొప్పి, రక్తపోటు తేడాలు, రెండు గ్రూపులకూ
- ప్రోటోకాల్ తప్పిన సందర్భాల పుస్తకం

మరణం, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేర్చాల్సిరావడం, ఆసుపత్రి వాసం పొడిగించాల్సిరావడం, శాశ్వత వైకల్యం లాంటివి జరిగితే తీవ్ర సంఘటనలే. మీ చికిత్సతో సంబంధం లేదనిపించినా, కమిటీ పెట్టిన గడువులో తెలియజేయాలి.

వ్యాయామం మానేసినవారిని అధ్యయనం నుంచి తీసేయకండి. చికిత్స ఆపడం వేరు, కొలతకు రాకపోవడం వేరు. "వ్యాయామం కుదరకపోయినా ఆ రోజు ఒక్కసారి కొలతకు రండి" అని చేర్చుకున్న రోజే అడిగి పెట్టండి. రాలేకపోతే మీరే వెళ్లి కొలిచే ఏర్పాటు చూడండి. కోలుకోని వాళ్లే ఎక్కువగా మానేస్తారు. వాళ్లను వదిలేస్తే ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది.

## 9. విశ్లేషణలో పదే పదే దొర్లే తప్పులు

తప్పు: "మా గ్రూపులో పి విలువ 0.01, కంట్రోల్‌లో 0.08, కాబట్టి మాదే మెరుగు."
సవరణ: ఇది పోలిక కాదు. (పి విలువ అంటే, నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం.) రెండు గ్రూపుల మధ్య తేడానే నేరుగా లెక్కించాలి, మొదటి రోజు వేగాన్ని కలుపుకుని.

తప్పు: పూర్తిగా వ్యాయామం చేసినవారినే లెక్కలోకి తీసుకోవడం.
సవరణ: కవరులో ఏ గ్రూపు వచ్చిందో అందులోనే అందరినీ ఉంచి లెక్కించడం.

తప్పు: పి విలువ ఒక్కటే రాయడం.
సవరణ: తేడా ఎంత, 95 శాతం విశ్వసనీయతా అవధి (అసలు తేడా ఉండగల హద్దులు) ఎంత అన్నవి రాయాలి. తేడా సెకనుకు 0.07 మీటర్లు, అవధి 0.01 నుంచి 0.13 అని వచ్చిందనుకోండి. పి విలువ 0.05 కంటే తక్కువే. కానీ అవధి పై అంచు కూడా మనం కావాలనుకున్న 0.16ను అందుకోలేదు. ఇది పేషెంటుకు అంతగా తెలిసే మార్పు కాదని అలాగే రాయాలి.

తప్పు: పి విలువ 0.05 దాటితే "రెండు చికిత్సలూ సమానం" అనడం.
సవరణ: అవధి వెడల్పుగా ఉంటే తేలలేదని అర్థం. సమానమని తేల్చడానికి వేరే రూపకల్పన కావాలి.

విశ్లేషణ ప్రణాళికను డేటా తెరవక ముందే తేదీ వేసి రాసిపెట్టుకోండి. తర్వాత ఏదైనా మార్చాల్సివస్తే మార్చండి, మార్చామని రాయండి.

## 10. రాత, తిరిగి చెప్పడం

ట్రయల్ ఫలితాలు రాయడానికి ఉన్న, 2025లో సవరించిన కన్సార్ట్ జాబితాలో 30 అంశాలున్నాయి. వాటి ప్రకారం రాస్తూ పోండి. ఎంతమందిని చూశాం, ఎంతమంది చేరారు, ఎవరు ఎక్కడ మానేశారన్న పటం తప్పనిసరి. నిర్ణయించిన మోతాదుతో పాటు నిజంగా అందిన మోతాదూ రాయండి. రోజుకు 60 సార్లు అనుకుని సగటున 34 సార్లే జరిగితే, పాఠకుడికి కావలసింది ఆ 34.

ఫలితం రాకపోయినా ప్రచురించండి. లేకపోతే ఇంకో విభాగంలో ఇంకొందరు పేషెంట్లు అదే పని మళ్లీ చేయాల్సివస్తుంది.

పాల్గొన్నవారికి ఒక పేజీలో, మామూలు మాటల్లో ఫలితం పంపండి. ఏమి అడిగాం, ఏమి తేలింది, ఇకమీదట మా విభాగంలో ఏమి మారుతుంది అన్న మూడు పేరాలు చాలు. మాట పడిపోయినవారి కోసం అదే పేజీని బొమ్మలతో, పెద్ద అక్షరాలతో ఇంకో ప్రతి తయారు చేయండి. ఈ పనికి కావలసిన సమయాన్ని మొదటి రోజు వేసుకున్న కాలవ్యవధిలోనే కలుపుకోండి.